వీరేశప్ప చీటీ నేను చదివిన విధం

ఒక మనిషికి మంచి చేయబోయి అతన్ని ఎంత శుభ్రంగా ముంచవచ్చో నేర్చుకోవాలని ఎవరికైనా ఉంటే నా దగ్గరికి రండి. ఫీజు అక్కర్లేదు. బళ్ళారి బ్రూస్‌పేటలో, మేడ మీద ఒక చిన్న గదిలో, బజ్జీలు చల్లారేలోగా నేనా పని పూర్తి చేశాను. మీరు నవ్వుకుంటూ చదవండి, నాకేం అభ్యంతరం లేదు. నేను కూడా నవ్వుతూనే చెబుతాను. చెప్పడం అయిపోయాకే కాస్త ఇబ్బంది.

నా పేరు మాధవి. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. మా తాతలు కోస్తా నుంచి వచ్చి సిరుగుప్ప పక్కన కాలువ కింద పొలాలు చేసుకుంటూ అక్కడే స్థిరపడ్డారు. నేను ఎంబీఏ చదివి, సిరుగుప్పలోని ఒక బియ్యం మిల్లు వారి మార్కెటింగ్ విభాగానికి అధిపతినయ్యాను. విభాగం అనగానే అద్దాల మేడ ఊహించుకోకండి. ముగ్గురం. ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను, గోడ మీద నవ్వుతున్న ఒక కుందేలు బొమ్మ. కుందేలు మా బియ్యం సంచి మీద గుర్తు. కుందేలుకీ అన్నానికీ ఏమిటి సంబంధమని అడక్కండి, నేనూ చేరిన రోజే అడిగాను, ఎవరూ చెప్పలేదు.

ముగ్గురిలో ఒకతె షబానా. పోస్టర్లు, సంచుల మీద బొమ్మలు కంప్యూటరులో తయారుచేసేది. రెండో మనిషి వీరేశప్ప. వయసు యాభై దాటింది. ఇరవై ఏళ్లుగా మోపెడ్ మీద బళ్ళారిలో అంగడి అంగడికీ తిరిగి మా బియ్యం అమ్మించేవాడు. నేను వచ్చాక ఆయన ఉద్యోగానికి ‘ఫీల్డ్ మార్కెటింగ్’ అని పేరు మార్చాను. ఆయన మటుకు పాత మోపెడ్ మీదే తిరిగేవాడు. నేను మా ఇంటి అలవాటు కొద్దీ ఆయన్ని “వీరేశప్పగారూ” అని పిలిచేదాన్ని.

“అప్పా అన్నంక మళ్ళా గారు ఏంటికి మేడమ్మా? చొక్కా మీద చొక్కా తొడిగినట్ల ఉండాది,” అనేవాడాయన.

మాకు పైన సావుకారు. సావుకారంటే బొజ్జా, బంగారు గొలుసూ గుర్తు తెచ్చుకోకండి. పెద్ద సావుకారు పోయాక ఏడాదిన్నర కిందట మిల్లు చేతికి తీసుకున్న కుర్రాయన. నాకంటే నాలుగేళ్లు పెద్ద. మా వైపు మిల్లు ఉన్నవాడు ఉయ్యాల్లో ఉన్నా సావుకారే. ఆయన సిరుగుప్పలో ఉండేవాడు, సోమవారం సోమవారం బళ్ళారిలో మా ఆఫీసుకు వచ్చి వెళ్లేవాడు.

ఆ డిసెంబరులో నన్ను బెంగుళూరుకు రెండు రోజుల శిక్షణకు పంపారు. అక్కడ ఒకాయన తెల్ల బోర్డు మీద గీతలు గీస్తూ, ఏడాది చివర టీం అంతా కూర్చుని గడిచిన ఏడాదిని తలచుకోవాలనీ, ఎవరి మనసులో ఏ చింత ఉన్నా పేరు లేకుండా చీటీ మీద రాయాలనీ, దాన్ని నాయకుడు బయటికి చదవాలనీ చెప్పాడు. నేను ఆ మాటలు నోట్సు రాసుకున్నాను. రెండు రంగుల పెన్నులతో. నాయకుడు అన్నచోట మూడుసార్లు గీత గీశాను.

తిరిగొచ్చిన శుక్రవారం సాయంత్రం కుర్చీలు గుండ్రంగా వేయించాను. మూడు కుర్చీలు ఎంత గుండ్రంగా వేసినా త్రికోణమే వస్తుందని అప్పుడే తెలిసింది.

“ఈ రోజు మనం గడిచిన ఏడాదిని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుందామండీ,” అన్నాను.

“చూసి?” అన్నాడు వీరేశప్ప.

“నేర్చుకుందాం.”

“పెద్ద సావుకారు ఉన్నప్పుడు ఏడాది అయిపోతే క్యాలెండరు మారుస్తాంటిమి. అంతే.”

“ఈ ఏడాది మీరు దేనికి బాధపడ్డారో, ఏం చేసి ఉంటే బాగుండేదనుకుంటున్నారో ఈ చీటీ మీద రాయండి. పేరు వద్దు. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు.”

“ముగ్గురమే ఉండాము కదమ్మా. పేరు లేకపోతే మాత్రం యాడ దాక్కుంటాము?”

షబానా కిసుక్కున నవ్వింది. “అక్కా, నేను ఇంగ్లీషులో రాస్తా. ఆయప్ప కన్నడంలో రాస్తాడు. నువ్వు తెలుగులో రాస్తావు. మడిచినా తెలుస్తాది, మడవకపోయినా తెలుస్తాది.”

నిజమే. ముగ్గురం తెలుగులోనే మాట్లాడుకుంటాం గానీ బడిలో నేర్చుకున్న రాత ఎవరిది వారిది. చదవడం మటుకు నాకు మూడూ వచ్చు. బెంగుళూరు బోర్డు మీద ఈ సంగతి లేదు. లేనిదాన్ని నేను పట్టించుకోలేదు.

“ఇది మన ముగ్గురి మధ్యే ఉంటుంది. గడప దాటదు. మాట ఇస్తున్నాను,” అన్నాను.

షబానా చకచకా రాసేసింది. వీరేశప్ప మాత్రం చీటీ మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు కుందేలు వైపు చూశాడు. రెండు గీతలు రాసి కొట్టేశాడు. మళ్లీ రాశాడు. చివరికి నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు, “నువ్వు మాట ఇచ్చినావని రాసినామ్మా. ఇంట్లో కూడా చెప్పల్యా,” అన్నాడు.

సరిగ్గా అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు. సావుకారు! శుక్రవారం పూట! చేతిలో రెండు పొట్లాలు, ఒకదాంట్లో బొరుగుల ఉగ్గాని, ఒకదాంట్లో మిరపకాయ బజ్జీలు.

“ఏందమ్మా, మీటింగు పెడతాండానని మెసేజ్ పెట్టినావు కదా. సుమ్నే, ఊరికే చూసిపోదామని వస్తి,” అన్నాడు.

పెట్టాను. నిజమే. నేను ఎంత గొప్ప పని చేస్తున్నానో ఆయనకు తెలియాలని మధ్యాహ్నమే మెసేజ్ పెట్టాను. ఎవరినీ రమ్మని పిలవలేదు గానీ, డప్పు కొట్టి మరీ ఇంట్లో పెళ్లని చెబితే ఎవరు మాత్రం ఆగుతారు?

“ఆ చీటీలు ఏంది?”

“ఏడాదిలో మా మనసులో ఉన్న చింతలండీ. పేరు లేకుండా రాశాం.”

“శానా బాగుంది! చదువమ్మా, నేను గూడ వింటా,” అంటూ కిటికీ దగ్గరున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన ముఖం చూడాలి, కొత్త సినిమా మొదటి ఆటకు వచ్చినవాడిలా వెలిగిపోతోంది.

మొదటి చీటీ విప్పాను. షబానాది. “ఒక్క పోస్టరుకు సావుకారు పదకొండుసార్లు రంగు మార్పించినారు. చివరికి మొదటి రంగే పెట్టినారు. పదో సారి నేను ఇంటికి పోయి ఏడ్చినా.”

గడప దాటదని మాట ఇచ్చాను. కానీ గడపే స్టూలు లాక్కుని లోపల కూర్చుంది. “చదవనండీ” అనొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అప్పటినుంచి ఆ మాటే అడుగుతున్నాను, నన్ను నేను. ఆ క్షణానికి మాత్రం నా బుర్రకు ఇంకో ఉపాయం తోచింది. కాగితం వైపు చూస్తూ, అందులో లేనిది చదివాను.

“పోస్టరుకు ఇంకా కొన్ని రంగులు సావుకారికి చూపించి ఉంటే బాగుండేది.”

“ఆహా!” అన్నాడు సావుకారు తొడ చరుచుకుని. “ఎంత మంచి మనసు! ఇంకమీద ఇరవై రంగులు చూద్దాం.”

షబానా బజ్జీ నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. మిరపకాయ ఘాటుకో, ఇరవై రంగులకో, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇక్కడైనా ఆగాలి కదా? ఆగలేదు. ఉపాయం పారిందన్న ఉత్సాహం ఒకటి వచ్చిందండీ, అది తలకెక్కితే దిగదు. రెండో చీటీ విప్పాను. వీరేశప్పది. కన్నడంలో ఉన్నదాన్ని తెలుగులో చెబుతాను.

“దసరా ముందర నాగమ్మ అంగడికి సావుకారు వచ్చినారు. నేను ఆడనే ఉన్నా. కొత్త సంచి గురించి నాగమ్మతో మాట్లాడి, నా పక్కకు తిరిగి, ‘మీకేం కావల్ల?’ అని అడిగినారు. కొనేకి వచ్చిన గిరాకీ అనుకున్నారు. నేను మీ మనిషినే అని చెప్పింటే బాగుండు. చెప్పల్యా. సబ్బు తీసుకోని వచ్చేస్తి.”

చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషిని గుర్తుపట్టలేదని యజమాని ముఖం మీద, ఆయన తెచ్చిన బజ్జీలు తింటూ ఎలా చెప్పడం? సావుకారు నొచ్చుకుంటాడు. వీరేశప్ప సిగ్గుపడతాడు. ఇద్దరినీ కాపాడే భారం నా నెత్తిన పడిందనుకున్నాను. ఎవరికీ తగలని మాట ఒకటి వెతికాను. ఎండ! ఎండ గురించి చెబితే ఎవరికి బాధ? బళ్ళారిలో ఎండను తిట్టనివాడు ఎవడు?

“ఈ వయసులో ఎండలో బండి మీద తిరగడం కష్టంగా ఉంది,” అని చదివాను.

సావుకారు చేతిలో బజ్జీ పొట్లంలో పెట్టేశాడు. ఇప్పుడు మాత్రం ఎవరని వెతకనక్కర్లేదు కదా, నేరుగా వీరేశప్ప వైపు తిరిగాడు.

“అయ్యో వీరేశప్పా! ఇన్ని దినాలు చెప్పల్యా ఏంటికి? మా నాయన ఉండింటే నన్ను తిడతాండె. ఇంకమీద నువ్వు ఎండలో తిరిగేదే వద్దు. ఈ ఫ్యాను కింద కూర్చో. జీతం అంతే. అంగళ్లకు మేడమ్మ పోతాది.”

వీరేశప్ప లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. నా చేతిలో ఉన్న తన చీటీ వైపు చూశాడు. తాను రాసింది అది కాదని అంటే, మరేం రాశావని సావుకారు అడుగుతాడు. దాని కంటే ఒప్పుకోవడం నయమనుకున్నట్టున్నాడు.

“అట్లనే సావుకారు,” అని కూర్చున్నాడు.

మూడో చీటీ నాది. ‘ఇంకా కష్టపడి ఉంటే ఇంకా బాగా చేసేదాన్ని’ అని రాసుకున్నాను. ముగ్గురిలో పచ్చి అబద్ధం రాసింది నేనొక్కదాన్నే. అక్షరం మార్చకుండా చదివింది కూడా దాన్నొక్కదాన్నే.

సావుకారు వెళ్లిపోతూ, “ఇంత మంచి మీటింగు నేను చూడల్యా. మిల్లులో హమాలీలకు గూడ పెట్టల్ల నువ్వు,” అని మెచ్చుకున్నాడు. షబానా కంప్యూటరు వైపు తిరిగి కూర్చుంది. వీరేశప్ప మెల్లగా అడిగాడు.

“మేడమ్మా, నా రాత నీకు అర్థం కాలేదా?”

“అయిందండీ. సావుకారు నొచ్చుకుంటారని...”

“ఔనా. మరి నేను?”

“నాలుగు రోజులు ఓపిక పట్టండి. నేను సర్దేస్తాను.”

నాలుగు రోజులన్నాను. రెండు నెలలు పట్టింది. పని చేతకాక అంటే సరిపెట్టుకోవచ్చు. సంగతి అది కాదు. నా మీటింగు గురించి సావుకారు సిరుగుప్పంతా చెప్పుకున్నాడు. వాళ్ల బావమరిదికి ఫోనులో చెబుతుంటే విన్నాను, “మా మేడమ్మ మనసులో మాట కక్కిస్తాది.” ఇప్పుడు వెళ్లి, కక్కించింది నేనే, మింగించింది నేనే అని ఎలా చెప్పడం? రేపు చెబుదాం, సోమవారం చెబుదాం, పండగ వెళ్లాక చెబుదాం అనుకుంటూ గడిపేశాను.

ఈలోగా మోపెడ్ మానేసిన వీరేశప్ప ఫ్యాను కింద కూర్చున్నాడు. రెండో రోజుకే ఆయనకు జలుబు చేసింది. ఇరవై ఏళ్లు ఎండకు కాగిన ఒళ్లు, ఫ్యానుగాలికి తట్టుకోలేదు. స్వెట్టరు వేసుకొచ్చాడు. మధ్యాహ్నం పూట లేచి కిటికీ దగ్గర నిలబడి కింద పోయే బండ్లను చూసేవాడు. ఏదైనా మోపెడ్ చప్పుడు తేడాగా వినిపిస్తే, “దానికి ప్లగ్గు తుడవల్ల,” అని తనలో తాను అనుకునేవాడు.

అంగళ్లకు నేను పోయాను, నా స్కూటీ మీద. నాగమ్మది చిన్న కిరాణా అంగడి. నేను బల్ల మీద రంగుల కాగితాలు పరిచి మా బియ్యం విశిష్టత గురించి పది నిమిషాలు చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, నా వెనక వీధిలోకి చూసింది.

“వీరేశప్ప యాడమ్మా?”

“ఆయన ఆఫీసులో ఉన్నారండీ. ఇకనుంచి నేనే వస్తాను.”

“ఏమైంది? ఒంట్లో బాగలేదా?”

“బాగానే ఉన్నారు. ఎండలో కష్టమని...”

“ఎండా? ఆయప్పకా?” నాగమ్మ నన్ను పైనుంచి కిందకు చూసింది. “సరే. ఈ కొత్త సంచి బియ్యానికి నీళ్లు ఎంత పోయల్ల? మొన్న ముద్ద అయ్యింది.”

నాకు తెలియదు. బియ్యం అమ్మే విభాగానికి అధిపతిని, మా ఇంట్లో అన్నం మా అమ్మ వండుతుంది.

“కనుక్కుని చెబుతానండీ.”

“వీరేశప్ప అయితే పిడికిట్లో పట్టుకోని, వాసన చూసి చెప్తాండె,” అంది నాగమ్మ. అని, నా రంగుల కాగితం ఒకటి తీసి అందులో ఎండుమిరపకాయలు పొట్లం కట్టి ఇంకెవరికో ఇచ్చింది.

ప్రతి అంగడిలోనూ ఇదే. ఒకాయన కూతురి పెళ్లి సంబంధం సంగతి వీరేశప్పకు చెప్పాలట. ఇంకొకాయన మోకాళ్లకు ఆయన చెప్పిన నూనె పనిచేసిందట. నేను సాయంత్రం ఆఫీసుకు వచ్చి ఈ కబుర్లన్నీ ఆయనకు చేరవేసేదాన్ని. మార్కెటింగ్ మేనేజరుగా పోయి పోస్టుమ్యాన్‌గా తిరిగొచ్చేదాన్ని. ఆయన విని, “నీళ్లు ఒకటికి రెండు చాలని చెప్పు నాగమ్మకు. కొత్త బియ్యం,” అనేవాడు. అంతకంటే మాట్లాడేవాడు కాదు.

ఫిబ్రవరి నెలలో ఒక సోమవారం ఆయన రాలేదు. మంగళవారం కూడా రాలేదు. షబానా కంప్యూటరు మీద నుంచి కళ్లు తిప్పకుండా, “అక్కా, ఇంక రాడులే. సేమియా కంపెనీలో చేరినాడంట,” అంది. అప్పుడు కదిలాను నేను. ఇల్లు పూర్తిగా కాలాక బిందె కోసం వెతికినట్టు సిరుగుప్ప బస్సెక్కాను. వీరేశప్ప చీటీ నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. రెండు నెలలూ దాన్ని పారేయడానికి చేతులు రాలేదు. దారి పొడుగునా సావుకారికి ఎలా చెప్పాలో వల్లించుకున్నాను. మిల్లులో ఆయన ఎదుట నిలబడగానే వల్లించిందంతా మరిచిపోయి, చీటీ ఒక్కటీ ఆయన చేతిలో పెట్టాను.

“నేను చదివింది ఇందులో లేదండీ. ఇందులో ఉన్నది నేను చదవలేదు.”

ఆయన చదివాడు. నుదురు చిట్లించాడు. మళ్లీ చదివాడు. ఉన్నట్టుండి పెద్దగా నవ్వేశాడు.

“ఆ పొద్దు నాగమ్మ అంగట్లో ఉండేది వీరేశప్పనా? అమ్మా, ఆయప్ప తలకు హెల్మెట్ ఉండె! అద్దం గూడ ఎత్తల్యా. మొగమే కనపడకపోతే ఎట్ల గుర్తుపట్టేది?”

నేనూ నవ్వాను. భయం తీరిన నవ్వు. ఇద్దరం నవ్వుతూ నవ్వుతూ ఒకేసారి ఆగిపోయాం.

“ఇంతేనా?” అన్నాడు ఆయన, చీటీ వైపు చూస్తూ. “ఈ మాట ఆ పొద్దే చదివింటే ఏమైతాండె? హెల్మెట్ అని చెప్తాంటి. తప్పైందప్పా అంటాంటి. నేను అంత చెడ్డోని మాదిరి కనపడినానా నీకు?”

ఆయన్ని చెడ్డవాడని నేనెప్పుడూ అనుకోలేదు. అసలు ఆయన గురించి అనుకోనే లేదు. ఆయన ముందు నేనెలా కనపడతానా అన్నదే నా ఆలోచన.

ఆయన కారులోనే బళ్ళారి వచ్చి వీరేశప్పను వెతికాం. వెతకడానికి పెద్ద కష్టపడలేదు. నాగమ్మ అంగడి ముందు మోపెడ్ ఆగి ఉంది, దాని మీద సేమియా పెట్టె. వీరేశప్ప హెల్మెట్ చేతిలో పట్టుకుని నాగమ్మతో మాట్లాడుతున్నాడు. ముఖం ఎండకు నిగనిగలాడుతోంది. జలుబు జాడ లేదు.

సావుకారు నేరుగా దగ్గరికి వెళ్లాడు. “తప్పైంది వీరేశప్పా. ఆ పొద్దు నిన్ను గుర్తుపట్టల్యా.”

“హెల్మెట్ ఉండె కదా సావుకారు. నాకు మరుసటి దినమే తోచింది,” అన్నాడు వీరేశప్ప తేలిగ్గా. “అయినా ఒకతూరి మీ చెవిలో వేయల్ల అనిపించింది. మనసులో పెట్టుకుంటే కుళ్లుతాది కదా.”

“రాప్పా వాపసు. బండి మీదనే తిరుగు, ఎవరు వద్దన్నారు?”

“సేమియా వాళ్లకు మాట ఇచ్చినా. మాట ఇచ్చినంక ఎట్ల?” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. చూడకపోవడమే బాగా తగిలింది.

సావుకారు నాగమ్మతో మాట్లాడటానికి పక్కకు తిరిగాక, నేను దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడగాలనుకున్నాను. నోట్లోంచి, “మిమ్మల్ని కాపాడదామనే వీరేశప్పగారూ,” అని వచ్చింది. ఆ సమయంలో కూడా నన్ను నేను వెనకేసుకొచ్చాను చూడండి.

“తెలుసులేమ్మా. నీది చెడ్డ మనసు కాదు.” ఆయన హెల్మెట్ తలకు పెట్టుకుని, పట్టీ బిగిస్తూ అన్నాడు, “ఆ పొద్దు ఉన్నది ఉన్నట్ల చదివింటే సావుకారు నవ్వుతాండె. నేనూ నవ్వుతాంటి. బజ్జీలు తిని ఇండ్లకు పోతాంటిమి. నన్ను ఒక్క నిమిషం సిగ్గు నుంచి కాపాడినావు నువ్వు. దానికి నా ఇరవై ఏండ్లు ఖర్చు పెట్టినావు, అంతే.”

కోపంగా అనలేదు. నీళ్లు ఒకటికి రెండు చాలన్నంత మామూలుగా అని, మోపెడ్ తొక్కి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నాగమ్మకు సేమియా ఎలా వేయించాలో చెప్పాడు.

ఇప్పుడు బళ్ళారిలో ఆ సేమియా బాగా పోతుంది. మా ఇంట్లో కూడా అదే. కొత్త బియ్యానికి నీళ్లెన్నో అంగడివాళ్లు ఇప్పటికీ ఆయన్నే అడుగుతారని, ఆయన మా బియ్యం గురించి ఒక్క చెడ్డమాట కూడా చెప్పడని నాగమ్మ అంటుంది. అది విన్నప్పుడల్లా నాకు అన్నం సహించదు. సేమియా అయితే అసలే సహించదు.

అందుచేత, చదువరులారా, గోడ మీద కుందేలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నా చేతికి ఏ కాగితం వచ్చినా, అందులో ఎవరిని ఎవరు ఏమన్నా, ఉన్న అక్షరం ఉన్నట్టు చదువుతాను. కామా కూడా వదలను. కొట్టేసిన గీతలుంటే, ఇక్కడ కొట్టేశారని చెబుతాను. మందుల చీటీ అర్థం కాకపోతే అర్థం కాలేదంటాను గానీ సొంతంగా మందు కనిపెట్టను.

మొన్న డిసెంబరులో ఏడాది చివరి మీటింగు మళ్లీ పెట్టాం. సావుకారు కూడా కూర్చున్నాడు. మొదట నా చేతికి వచ్చిన చీటీ ఇంగ్లీషులో ఉంది. “మాధవి అక్క ఏ మంచి పని చేయాలనుకున్నా ముందు మమ్మల్ని అడిగితే బాగుంటుంది.”

చదివాను. గట్టిగా. రెండుసార్లు.